వెనక గుమ్మం

బిలాస్‌పూర్
ఫిబ్రవరి 3

చెల్లెలు లక్ష్మీనరసమ్మకు అన్న బంగార్రాజు రాస్తున్నది.

ఇరవై ఐదేళ్ళ కిందట మా వేణు పెళ్ళికి నీకు రైలు పాసు పంపాను. ఊరికే వచ్చిన పాసు కాదు. నాలుగు రోజులు డ్యూటీ మానుకుని ఆఫీసు చుట్టూ తిరిగి, అందులో నీ పేరు ఎక్కించాను. మొదట నా పేరు, తర్వాత మీ వదిన, తర్వాత వేణు, నాలుగో పేరు నీది. విజయనగరం నుంచి స్లీపరులో బెర్తు కూడా చేయించి అదే కవరులో పెట్టాను. పెళ్ళినాడు పొద్దున్నే మా పక్క క్వార్టరు గిరిబాబుని స్టేషనుకి పంపితే, వాడు ఆ పెట్టె ముందు బండి కదిలేదాకా నిలబడి ఒంటరిగా తిరిగొచ్చాడు. "మీ చెల్లెలు దిగలేదు బాబూ" అని అందరి ముందూ చెప్పాడు. వియ్యంకుడి ముందు నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఉన్న ఒక్క మేనత్త రాలేదు. ఎందుకు రాలేదో ఒక్క ముక్క రాయలేదు. నాలుగేళ్ళ కిందట మీ వదిన అప్పయమ్మ పోయినప్పుడు కార్డు వేశావు. అందులో కూడా ఆ మాట లేదు.

సరే. అది నా కడుపులో ఉన్నది. ఇప్పుడు పని సంగతి రాస్తాను.

వేణు కూతురు శ్రీనిధికి పెళ్ళి కుదిరింది. పిల్లాడి పేరు పృథ్వీ. ఇక్కడి తెలుగువాళ్ళే, బొగ్గు ఆఫీసులో ఉద్యోగం. కట్నం మాట వాళ్ళూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. వైశాఖంలో, ఏప్రిల్ ఇరవై తొమ్మిదిన ముహూర్తం. గొడవంతా ఖర్చు దగ్గర. తిఫ్రాలో ఉన్న ఇల్లు బ్యాంకులో పెట్టి అప్పు తెస్తానంటాడు వేణు. పెద్ద హాలు, పూలు, లైట్లు, భోజనం, ఫొటోలు, అన్నిటికీ కలిపి ఒకే రేటట. దాన్ని ప్యాకేజీ అంటారు. ఆ ఇల్లు నా పీఎఫ్ డబ్బుతో కట్టింది. పిల్లేమో అప్పు వద్దు, రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి యాభైమందికి టీ ఇస్తే చాలంటుంది. నేను రెంటికీ ఒప్పుకోను. ఈ రైల్వే కాలనీలో నలభై ఏళ్ళు అందరి పెళ్ళిళ్ళలోనూ తిన్నాను. తిన్నవాణ్ణి పెట్టాలి. నా లెక్కలో ఆరువందల మంది. పెళ్ళి, వేణు పెళ్ళి జరిగిన పాత రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లోనే. పెన్షనర్లకి తక్కువలో ఇస్తారు.

మిగిలింది వంట. ప్యాకేజీవాడు ఆకు ఒక్కింటికి చెప్పే రేటు వింటే నాకు చెముడు ఉండడమే మంచిదనిపించింది. పోయిన నెల గిరిబాబు సోంపేటలో ఒక పెళ్ళికి వెళ్ళి వచ్చి చెప్పాడు, అక్కడ వంట నీదేనట, నీ కింద నలుగురు ఆడవాళ్ళు పనిచేస్తారట. నాకు ఈ సంగతే తెలియదు. నువ్వు వచ్చి వంట చెయ్యి. కూలి ఇస్తాను. ఊరికే చెయ్యమనను.

ఉత్తరం ప్రియమైన అని మొదలెట్టాలని శ్రీనిధి చెప్పింది. నువ్వు పాసు సంగతి చెప్పాక ఆ మాట రాస్తాను. ఫోను చెయ్యకు. రైలింజన్ల షెడ్డు నా చెవులు తినేసింది, ఫోనులో గాలి తప్ప ఏమీ వినబడదు.

ఇట్లు,
నీ అన్న
బంగార్రాజు

*

కాశీబుగ్గ
ఫిబ్రవరి 12

ప్రియమైన అన్నయ్యకు,

ఆ మాట నేను రాసేశాను. నాకు దానికి షరతులేమీ లేవు.

ఉత్తరం అందింది. పిల్లకి పెళ్ళి కుదిరినందుకు సంతోషం. పురిట్లో ఫొటో ఒకటి వదిన పంపింది, గుప్పిట బిగించి ఏడుస్తున్నది. ఆ పిల్లకి పెళ్ళంటే నాకు ఎన్నేళ్ళొచ్చాయో తెలుస్తున్నది. మోకాళ్ళు పట్టేశాయి. పెద్ద గుండిగ దించాలంటే ఇప్పుడు ఇద్దరం కావాలి, అప్పట్లో ఒక్కదాన్నే దించేదాన్ని.

పాసు సంగతి ఇప్పుడు వద్దు. అలసిపోయాను అన్నయ్యా. పెళ్ళిళ్ళ కాలం ఇప్పుడే మొదలయ్యింది, రోజూ ఒక ఊరు.

ఖర్చు తగ్గించాలంటే నాకు తెలిసింది రాస్తాను, కూలి అక్కర్లేదు. ఆకులో రకాలు తగ్గించు. ఇరవై ఆరు రకాలు పెట్టిన పెళ్ళిలో నేను పారబోసినంత అన్నం కరువు ఊళ్ళో తినరు. ఒక పప్పు, ఒక వేపుడు, ఒక పులుసు, పులిహోర, ఒక తీపి, పెరుగు. ఇవి బాగుంటే ఎవరూ ఏడో దానికోసం చూడరు. నిలబెట్టి పళ్ళేల్లో పెట్టకు. కూర్చోబెట్టి వడ్డించు. తమంతట తాము పెట్టుకునేవాళ్ళు కళ్ళతో పెట్టుకుంటారు, కడుపుతో తింటారు. కూరగాయలు ముందురోజు సాయంత్రం మీ ఊరి బజార్లో దుకాణాలు కట్టేసే వేళకి కొను. పూలు తలుపులకి వద్దు, మనుషులకి ఇవ్వు. అన్నిటికన్నా ముందు, జాబితాలో సగం కొట్టెయ్యి. ఆరువందల మందికి నువ్వు తెలుసేమో గానీ, ఆ పిల్ల తెలియదు.

ఇక వంట. ఒక్క మాట అడుగుతాను, దానికి జవాబు రాయి. నన్ను పెళ్ళికి పిలుస్తున్నావా, వంటకి పిలుస్తున్నావా? రెండు పిలుపులు ఒక కవరులో పెట్టకూడదు. పెళ్ళికైతే ఎవరో ఒకరు వచ్చి బొట్టు పెట్టి పిలుస్తారు, మన ఇంటి పద్ధతి అదే. వంటకైతే రేటు అడుగుతారు.

వేణుకి, కోడలికి, పిల్లకి నా దీవెనలు.

నీ చెల్లెలు
లక్ష్మీనరసమ్మ

*

బిలాస్‌పూర్
ఫిబ్రవరి 21

చెల్లెలు లక్ష్మీనరసమ్మకు,

నీ ఉత్తరం చదవడానికి రెండు పూటలు పట్టింది. మూడో క్లాసు చదువు, పైగా కళ్ళద్దాలు అరిగిపోయాయి.

సొంత చెల్లెల్ని పెళ్ళికి వేరే పిలవాలా? వంటకి వచ్చినదానివి పెళ్ళికి వచ్చినట్టు కాదా? బొట్టు మాట రాశావు. ఉన్నమాట రాస్తాను, కోపం తెచ్చుకోకు. మా బావ పోయి ఇన్నేళ్ళయ్యింది. నీకు బొట్టు పెట్టి పిలవడం ఎలా కుదురుతుంది? లోకం ఏమంటుంది? అందుకే వేణు పెళ్ళికి కూడా మనిషిని పంపలేదు, పాసు పంపాను. రానూ పోనూ మనిషి ఖర్చు కూడా కలిసొచ్చింది. అందులో తప్పేమిటో నాకు తెలియదు.

జాబితా దగ్గర ఇంట్లో పెద్ద గొడవ. శ్రీనిధి తెలుగు చదవలేదు. నేను చెబుతుంటే హిందీలో రాసుకున్నది. నా కుడిచెవి దగ్గర నోరు పెట్టి అరుస్తుంది, ఆ పిల్ల గొంతొక్కటే నాకు వినబడేది.

"తాతా, యే జయప్రకాష్ కౌన్ హై?" అన్నది, ఎవరీయన అని.

"షెడ్డులో నా పక్కన పనిచేసినాడు."

"ఎప్పుడు చూశావు?"

"పదకొండేళ్ళయినాది."

"బతికే ఉన్నారా?"

"ఏటి తెల్సు? బతికుంటే వస్తాడు. ఆడి కొడుకు పెళ్ళిలో నాను తిన్నాను."

"అచ్ఛా. మరి లేకపోతే?"

"ఆడి కొడుకు వస్తాడు."

"వాళ్ళ కొడుకు నాగ్‌పూర్‌లో ఉంటే?"

"ఒలే, నువ్వు లాయరువా?" అన్నాను.

పిల్ల నవ్వింది. నవ్వి, తర్వాత మెల్లగా చెప్పింది, "తాతా, నేనెవరో తెలియని నాలుగు వందల మంది తినడానికి పాపా ఇల్లు గిరవీ పెడితే, నేను ఆ పీటల మీద ఎలా కూర్చోను?" ఇది హిందీలో అన్నది. నాకు తెలుగులో వినబడింది. ఆ పూట నేను అన్నం తినలేదు. అయినా జాబితా తగ్గించలేదు. సదర్ బజార్లో కార్డులు అచ్చుకి ఇవ్వబోతే వేణు నా చేతిలోంచి కాగితం లాక్కుని, ముందు వంట తేలనీ అన్నాడు.

కాబట్టి వంట తేల్చు. నీ రేటు రాయి. నువ్వు తక్కువలో చేస్తే ఇల్లు బ్యాంకుకి వెళ్ళదు. నా మనవరాలి పెళ్ళి ఇప్పుడు నీ గరిటె మీద ఉన్నది.

ఇట్లు,
నీ అన్న
బంగార్రాజు

*

కాశీబుగ్గ
మార్చి 4

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ, బంగార్రాజు గారికి,

నమస్కారాలు. మీరు అడిగిన రేటు రాస్తున్నాను.

ఆరువందల మందికి, ఒక పూట పెళ్ళి భోజనం, ముందురోజు రాత్రి ఫలహారం. నాతో కలిపి ఐదుగురం. అందరికీ కలిపి ఇరవై రెండు వేలు. రానూ పోనూ టికెట్లు మీవి. సరుకులు మీవి. కట్టెలు కాదు, గ్యాసు. పడుకోవడానికి తలుపు వేసుకునే గది ఒకటి.

షరతులు మూడు. వంట జరుగుతుండగా రకాలు పెంచమని అడగకూడదు. చివరి బంతి లేచాక మా ఐదుగురికీ ఆకులు వేసి వడ్డించాలి, గిన్నెల అడుగు గోకి తినమనకూడదు. పని అయ్యాక కూలి చేతికి ఇచ్చేటప్పుడు మొహం చూసి ఇవ్వాలి. ఇవి మీకొక్కరికే కాదు, అందరికీ చెప్పే షరతులే.

ఒప్పుకుంటే మార్చి నెలాఖరులోగా తెలియజేయగలరు. ఆ రోజుకి వేరే రెండు పిలుపులు ఉన్నాయి.

ఇట్లు,
ఎం. లక్ష్మీనరసమ్మ
వంటలు

*

బిలాస్‌పూర్
మార్చి 13

లక్ష్మీనరసమ్మకు,

గారు అని రాశావు. మీరు అని రాశావు. నీకు ఏడేళ్ళప్పుడు నిన్ను భుజం మీద ఎక్కించుకుని నాగావళి దాటించాను. అది గుర్తుంటే ఆ మాట రాయవు. సరే, పనికి పని.

ఇరవై రెండు వేలు ఎక్కువ. ప్యాకేజీవాడితో పోలిస్తే తక్కువే, అది నాకు తెలుసు. ఇరవైకి రా. షరతులు ఒప్పుకున్నాను. ఆకులు వేయిస్తాను. మొహం చూసి కూలి ఇవ్వడం ఏమి షరతో నాకు అర్థం కాలేదు. డబ్బు సరిగ్గా ఉన్నదా లేదా చూసుకోవాలి గానీ మొహంతో పనేమిటి? వేణు పెళ్ళినాడు వంటవాళ్ళందరికీ నేనే నా చేత్తో ఇచ్చాను. వరసగా నిలబడ్డారు, లెక్కపెట్టి ఇచ్చాను, ఒక్కరు కూడా తక్కువయ్యిందని అనలేదు.

ఆ పెళ్ళి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి అడుగుతాను. అప్పుడు వంట ఆమదాలవలస ఆదినారాయణది. డబ్బు కలిసొస్తుందని వాడి దగ్గర ఇద్దరు సహాయకుల్నే పెట్టించాను. చివర్లో వాడు చేతులెత్తేసి, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళని పొద్దుటి బండికి రప్పించాడు. ఆ రోజు వడ్డించిన గుమ్మడికాయ దప్పళం నేను ఈ ఇరవై ఐదేళ్ళలో మళ్ళీ ఎక్కడా తినలేదు. మన అమ్మ చేసినట్టే ఉన్నది. బెల్లం ఎంతో అంతే, చివర నువ్వులపొడి. వియ్యంకుడు రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. చెల్లెలు రాలేదన్న అవమానం ఆ దప్పళంతో కొంత కడుక్కున్నాను.

తర్వాత ఆదినారాయణని మెచ్చుకుంటే వాడు ఏమన్నాడో తెలుసా? "ఆ దప్పళం నాది కాదు బాబూ. బండి దిగొచ్చినోళ్ళలో ఒకావిడ చేసినాది. నాను ముగ్గుర్ని రమ్మంటే నలుగురు వచ్చినారు. ఆ నాలుగో ఆవిడ ఎవులో నాకు తెల్దు. సాయంత్రానికి ఎల్లిపోనాది" అన్నాడు. వాడు ఇప్పుడు లేడు, పోయాడు. ఆవిడ మీ పక్క మనిషే అయ్యుండాలి. నువ్వు ఊరూరా తిరుగుతున్నావు కదా, వెతికి చూడు. బతికుంటే నీ జట్టులో తీసుకురా. ఆవిడకి వేరే కూలి ఇస్తాను, బేరం ఆడను. మనవరాలి పెళ్ళిలో ఆ దప్పళం ఉండాలి.

హాలు ఖాయం చేశాను. మీ సామాన్లు దించడానికి వెనక గుమ్మం తీయిస్తాను.

ఇట్లు,
బంగార్రాజు

*

కాశీబుగ్గ
మార్చి 24

ప్రియమైన అన్నయ్యకు,

నీ ఉత్తరం వారం రోజులు దిండు కింద పెట్టుకున్నాను. ఇది రాయకూడదనే ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఇప్పుడు దాచడానికి కూడా ఓపిక లేదు.

నువ్వు పంపిన పాసు అందింది. ఏ పెట్టె ఎక్కాలో అడుగుదామని పలాస స్టేషనుకి తీసుకెళ్ళాను. కిటికీలో గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి పైకి చదివాడు. అన్న మీద ఆధారపడిన విధవ చెల్లెలు, సొంత ఆదాయం లేదు, అని. నా వెనక వరసలో పదిమంది ఉన్నారు. అందులో నేను అప్పడాలు చేసి ఇచ్చే షావుకారు కూడా ఉన్నాడు. మా ఆయన పోయిన మూడేళ్ళలో నేను నీ దగ్గర రూపాయి అడగలేదు, నువ్వు పంపలేదు. అందుకు నాకు బాధ లేదు, నీ సంసారం నీది. కానీ నా రెక్కల మీద నేను బతుకుతుంటే, నీ అన్నం తింటున్నట్టు సంతకం పెట్టావు. ఆ కాగితం మడిచి రైకలో పెట్టుకున్నాను. అప్పడాల డబ్బుతో జనరల్ టికెట్ కొన్నాను.

అవును అన్నయ్యా. వచ్చాను.

గిరిబాబు స్లీపరు ముందు నిలబడ్డాడేమో. నేను చివరి పెట్టెలో ఉన్నాను. అందులోనే ఆదినారాయణ మనుషులు ముగ్గురు కలిశారు, మన భాష వినబడి మాట కలిపాను. వాళ్ళూ ఆ హాలుకే అంటే, దారి తెలియనిదాన్ని, వాళ్ళతో నడిచాను. చలి. నలుగురం తలమీదుగా కొంగు కప్పుకున్నాం. నువ్వు హాలు ముందు పందిరి రాటకి తాడు కడుతున్నావు, వీపు ఇటు ఉన్నది. నేను రెండుసార్లు పిలిచాను. నీ చెవులు అప్పటికే అంతంతమాత్రమని నాకు తెలియదు. అడుగుల చప్పుడుకో ఏమో, తల తిప్పకుండానే చెయ్యి ఊపావు. "వంటోల్లా? ఇప్పుడా రావడం? ముందు గుమ్మంలోంచి కాదు, ఎనక్కెల్లండి" అన్నావు.

మిగతావాళ్ళు వెళ్ళారు. నేనూ వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ తెలియదు. కాసేపట్లో ముందుకి వచ్చి మొహం చూపిద్దామనే అనుకున్నాను. లోపల చూస్తే గుమ్మడికాయలు కొండలా ఉన్నాయి, కోసే చేతులు లేవు. కత్తిపీట ముందు కూర్చున్నాను. ఒక పని తర్వాత ఒక పని. పొయ్యి దగ్గర నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. విధవరాలు ఎదురొచ్చిందని పీటల దగ్గర అంటారు, పొయ్యి దగ్గర అనరు. ఆ పూట నాకు అది హాయిగానే ఉన్నది. వంటింటి కిటికీలోంచి తలంబ్రాలు చూశాను. వేణు బాగున్నాడు. తృప్తిగానే ఉన్నది.

సాయంత్రం వెనక గుమ్మం దగ్గర నువ్వు కూలి ఇచ్చావు. ఇప్పుడైనా చూస్తావని వరసలో చివర నిలబడ్డాను. నువ్వు తల వంచుకుని లెక్కపెడుతున్నావు. నా చేతిలో అరవై రూపాయలు పెట్టావు. నా మొహం చూడలేదు. నా చెయ్యి చూశావు.

ఆ అరవైకి ఇంకొంత కలిపి పెద్ద గరిటె కొన్నాను. నేను కొన్న మొదటి గరిటె అదే. ఇప్పటికీ పెళ్ళిళ్ళకి అదే తీసుకెళ్తాను. కాబట్టి నీ మీద ఆధారపడలేదని కూడా పూర్తిగా అనలేను.

నాలుగో ఆవిణ్ణి వెతకమన్నావు. దొరికింది. డెబ్బై ఏళ్ళు, మోకాళ్ళు లేవు. బేరం ఆడనన్నావు, సరే. కానీ ఆవిడ వెనక గుమ్మంలోంచి రాదు. ఇంక ఓపిక లేదు. పిలుపు ఏదో నువ్వే తేల్చుకో.

నీ చెల్లెలు
లక్ష్మీనరసమ్మ

*

బిలాస్‌పూర్
ఏప్రిల్ 3

ప్రియమైన చెల్లెలు లక్ష్మీనరసమ్మకు,

రాశాను ఆ మాట. నువ్వు పాసు సంగతి చెబితే రాస్తానన్నాను, చెప్పావు.

నీ ఉత్తరం మూడు రోజులు చదివాను. నేను తప్పు చదివానేమోనని కోడలిని కూడా చదివి చూడమన్నాను. ఆమె సగంలో ఆపి లోపలికి వెళ్ళిపోయింది. మిగతా సగం మళ్ళీ నేనే చదువుకున్నాను.

ఆ పాసు మీద ఏమి రాశారో నాకు తెలియదు. ఇంగ్లీషు కాగితం. ఇక్కడ సంతకం పెట్టు అన్నాడు గుమాస్తా, పెట్టాను. అందులో నా సంతకం తప్ప నేను చదవగలిగింది ఏమీ లేదు. నీ పేరు నాలుగోది అని మాత్రం అడిగి తెలుసుకున్నాను, అది చూసుకుని మురిసిపోయాను. తెలియదు కాబట్టి తప్పు కాదని రాయడం లేదు. తెలుసుకోలేదు, అదే తప్పు. తాడు కడుతున్నాను, చెవి లేదు, ఇవన్నీ కూడా రాయొచ్చు. సాయంత్రం కూలి ఇచ్చేటప్పుడు తాడు లేదు. తల ఎత్తితే ఏమి పోయేది? ఎవరికీ రూపాయి ఎక్కువ పోకూడదని చూశాను. అదొక్కటే చూశాను.

నిన్న హాలుకి వెళ్ళాను. వెనక గుమ్మానికి తాళం వేసి, ముందు సైకిళ్ళు పెడుతున్నారు. చౌకీదారుని బతిమాలి తీయించాను. వంటింట్లో నువ్వు చెప్పిన కిటికీ ఉన్నది, ఊచలు అవే. అక్కడ నిలబడి పీటలు వేసిన చోటు చూశాను. కనబడలేదు. మధ్యలో స్తంభం అడ్డం. ఎడమకి జరిగాను, కుడికి జరిగాను, బొటనవేళ్ళ మీద లేచాను. స్తంభమే కనబడింది. ఆ స్తంభం కొత్తది కాదు, నా ఉద్యోగం కన్నా పాతది. తలంబ్రాలు చూశానని రాశావు. నువ్వు చూడలేదు. నేను బాధపడతానని తృప్తి అని రాశావు.

ఇంటికి వచ్చి శ్రీనిధిని జాబితా తెమ్మన్నాను. పక్కన కూర్చుని ఒక్కొక్క పేరు కొట్టించాను. జయప్రకాష్ పోయి నాలుగేళ్ళయ్యిందని తెలిసింది, వాడు తనంతట తానే తగ్గాడు. చివరికి నూట ముప్ఫై మంది మిగిలారు. పిల్ల మొహం చూసి కొట్టాను, ఈసారి చూశాను. తిన్న పెళ్ళిళ్ళన్నిటికీ తిరిగి పెట్టలేను అని ఒప్పుకోవడానికి ఈ వయసు వచ్చింది. తిఫ్రా ఇల్లు బ్యాంకుకి వెళ్ళడం లేదు. వేణు ప్యాకేజీవాడికి వద్దని చెప్పేశాడు. కార్డులు లేవు. ఊళ్ళో ఉన్నవాళ్ళని వేణు, కోడలు ఇంటింటికీ వెళ్ళి పిలుస్తారు.

వంటకి నీ జట్టు నలుగురూ రావాలి. ఇరవై రెండు వేలకి ఒప్పుకుంటున్నాను. మనుషులు తగ్గారని రేటు తగ్గించకు. నువ్వు మాత్రం పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదు. పీటల పక్కన కుర్చీ వేయిస్తాను, స్తంభానికి ఇవతల. వంట చెడిపోతుందని అనిపిస్తే అక్కడినుంచే వాళ్ళని తిట్టు. దప్పళం ముందురోజు చెప్పి చేయించు. గరిటె తీసుకురా, శ్రీనిధి చూస్తానన్నది.

బొట్టు పెట్టడానికి నేనే వస్తున్నాను. పధ్నాలుగో తేదీ బండికి నా పెన్షను పాసు మీద నా ఒక్కడికి బెర్తు చేయించాను. దాంట్లో నీ పేరు లేదు. నీ టికెట్టు డబ్బు పెట్టి కొన్నాను, దాని మీద నీ పేరు, నీ వయసు తప్ప ఇంకేమీ రాయలేదు, శ్రీనిధిని రెండుసార్లు చదవమన్నాను. విధవరాలికి బొట్టు ఎలా కుదురుతుందని ఫిబ్రవరిలో రాసినవాణ్ణి నేనే. ఆ కాగితం పొయ్యిలో పెట్టు. మీ వీధిలో ఎవరైనా ఏమైనా అంటే నాతో చెప్పమను. నాకు ఎలాగూ వినబడదు.

ఒక్కటి నువ్వు రాయలేదు. గుమ్మడికాయలు కోశానని రాశావు, వండానని రాశావు, కూలి తీసుకున్నానని రాశావు. ఆ రోజు నువ్వు తిన్నావా? వంటవాళ్ళకి ఆకులు వేయమని నేను ఎవరికీ చెప్పలేదు. గిన్నెల్లో ఏమి మిగిలిందో నేను చూడలేదు. ఆ దప్పళం నేను మూడుసార్లు వేయించుకున్నాను. రాత్రి పడుకుంటే ఇప్పుడు అదే అడ్డం పడుతున్నది.

నా కొడుకు పెళ్ళిలో తిని వెళ్ళావా, తినకుండా బండి ఎక్కావా? స్తంభం సంగతిలా నా కోసం మార్చి రాయకు. ఉన్నది ఉన్నట్టు రాయి. అది తెలియకుండా నీ గుమ్మంలో కాలు పెట్టలేను. పధ్నాలుగున బండి. పన్నెండో తేదీ లోపల నీ జవాబు నా చేతిలో ఉండాలి.

నీ అన్న
బంగార్రాజు